ఫ్లెమింగోల సరస్సు దగ్గర నీ ముద్ద

బావా,

మూడేళ్లుగా నీ తద్దినం నాడు మన ఊరు తెలుక్ ఇంటాన్‌లో పెరటి గోడ మీద ముద్ద పెడుతున్నాను. కాకి వస్తుంది, చూస్తుంది, ముట్టకుండా పోతుంది. "ఆడికేదో కోరిక ఉండిపోనాదే" అని మీ అమ్మ ఒకటే ఏడుపు. ఆఫ్రికా వెళ్లి ఫ్లెమింగోలను చూద్దామని పోరు పెట్టేవాడివి కదా, అదే అనుకున్నాను. అందుకే ఈసారి తద్దినానికి కెన్యా వచ్చాను.

సరస్సు ఒడ్డంతా గులాబీ రంగే బావా. మధ్యలో పెలికాన్లు, కొంగలు. లాడ్జిలో బతిమాలి వండించుకున్న అన్నం ముద్ద చేసి రాయి మీద పెట్టాను. రొమ్ము తెల్లగా ఉన్న ఇక్కడి కాకి ఒకటి వాలింది. "తిను బావా, నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను. అదీ ముట్టలేదు. పక్షులకు తిండి పెట్టకూడదంటూ గైడు ముద్ద తీయించేశాడు.

ఇంకేం కావాలి నీకు?

చివరి రోజు మంచం మీద నుంచి "కాసేపు నా దగ్గర కూకోవే" అన్నావు. "గిన్నెలు కడిగేసి వత్తాను, ఉండు" అన్నాను. వచ్చేసరికి నువ్వు లేవు.

ముద్ద ఒళ్లో పెట్టుకుని ఒడ్డునే కూర్చుని ఇది రాస్తున్నాను. గేటు మూసేస్తారని గైడు పిలుస్తున్నాడు. నేను లేవను బావా.