గాజు గుడ్డ మీది పూత

తమ్ముడూ,

మేడ మీది గదిలోంచి కింది గదికి ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఎదురుపడితే నాకు నోరు పెగలడం లేదు.

షెడ్డులో కొత్త పడవ అడుగుభాగం పొరలు పొరలుగా ఊడి వచ్చింది, చూసే ఉంటావు. తప్పు పొరల్ని అతికించే రెజిన్ జిగురుది కాదు, నాది. పడవకి పొరలుగా పరిచే గాజు పోగుల గుడ్డ దుమ్ము పట్టిందని సోడా వేసి, మరిగే నీళ్లలో ఉడకబెట్టి ఉతికాను. ఇన్నేళ్ల పనివాణ్ణి, నా నిర్వాకం చూడు! గాజు పోగుకూ రెజిన్‌కూ నేరుగా పొసగదు. పోగు మీద కంటికి కనపడని పూత ఒకటుంటుంది. అదే ఒక చేత్తో దీన్నీ, ఇంకో చేత్తో దాన్నీ పట్టుకుంటుంది. అది కాస్తా కడిగేశాను.

అప్పట్నించీ మీ వదినే గుర్తొస్తోంది. "అన్నయ్య భోంచేశాడా వదినా?" అని నువ్వు, "వాడికి జ్వరం తగ్గిందేమో కనుక్కో" అని నేను. మనిద్దరం ఎంత బాగా కలిసున్నామో అని మురిసిపోయేవాణ్ణి. ఆవిడ పోయాక చూస్తే, మనం ఒకరితో ఒకరం మాట్లాడుకున్నదే లేదు. నీ దగ్గు పైకి వినిపిస్తూనే ఉంటుంది. కనుక్కోమని చెప్పడానికి ఆవిడ లేదు.

రేపు కొత్త గుడ్డ పరుస్తున్నాను. నేను రెజిన్ పూస్తుంటే, వెనకాలే ఇంకొకరు రోలర్ తిప్పి గాలి బుడగలు తీయాలి. కూలికి మనిషి దొరుకుతాడు. నేను పెట్టుకోను.

దీనికి జవాబు రాసి తలుపు కింద తొయ్యకు. పైకొచ్చి, దగ్గు తగ్గిందో లేదో నువ్వే చెప్పు.

అన్నయ్య