కనుమలో మిగిలిన రాయి

నిజాంపేట హాస్టల్,
28 అక్టోబరు 2011

ఓబులేసు తాతా,

ఈ ఉదయం తలుపు తీస్తే సుదర్శన్ వాళ్లమ్మ యాదమ్మ నిలబడి ఉంది. హైటెక్ సిటీలో ఆఫీసు ఊడ్చే డ్యూటీకి వెళ్లకుండా వచ్చింది.

ఆగస్టులో మీరు మా హాస్టల్ పిల్లల్ని పాత సైన్యాల దారిలో కనుమకు నడిపించారు. పైన తలా ఒక రాయి పెట్టించి, దిగేటప్పుడు తీయమన్నారు. "రాయి మిగిలితే మనిషి తప్పిపోయినట్టే. నేను వెతుక్కుంటా మళ్లీ ఎక్కల్ల" అన్నారు. నా గదిలో ఉండే సుదర్శన్ నవ్వి, "ఉండనీ తాతా, మళ్లొచ్చి నేనే తీస్త" అన్నాడు. అది అక్కడే ఉండిపోయింది.

పోయిన నెల సమ్మెలో బస్సులు లేక మూసాపేట నుంచి నడిచి వస్తుంటే వాణ్ణి లారీ గుద్దింది. వాడు లేడని మీకు రాయడానికి సరైన మాట దొరక్క నాలుగు కాగితాలు చింపాను. ఆ రాయి తీసేయమని అడగాలనుకున్నాను.

ఆ సంగతి చెప్తే యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యొద్దని చెప్పు బిడ్డా. నా కొడుకును ఎతుక్కుంట దేవులాడేటోడు ఒక్కడన్న ఉండనీ."

అందుకే తాతా, దాన్ని కదపకండి. వచ్చే వారం ఆమెను తీసుకొస్తాను. మోకాళ్ల నొప్పులున్నాయి, మెల్లగా ఎక్కించాలి.

తన సెలవు చీటీ నన్నే రాయమంది. కారణం దగ్గర 'కొడుకును చూసి రావాలి' అని రాయమంది, అలాగే రాశాను. రేపు పొద్దున ఆమెతో హైటెక్ సిటీ వెళ్లి, ఆ చీటీ సూపర్‌వైజర్ చేతికిస్తాను.