నిలిచిన పన్ను

అమ్మకు, తలాస్ నుంచి నీ సిర్గా సలాములు. నేనూ అత్తయ్యా కులాసాగా ఉన్నాం. నువ్వూ, తమ్ముడూ, గొర్రెల మందా చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఈసారి ఇక్కడ మంచు ముందే పడింది. నువ్వు పంపిన ఎండుపెరుగు ఉండలు అందాయి. కొరకలేక నానబెట్టుకుని తాగుతున్నాను.

కొత్త పళ్ళ సంగతి అడిగావు. విరిగిన రెండు ముందుపళ్ళ వేళ్ళూ పీకి, నెత్తురు ఆరకముందే ఆ గుంటల్లోనే డాక్టర్ ఉమ్సునాయ్ మరలు బిగించిందని రాశాను కదా. ఒకటి ఎముకతో కలిసిపోయింది. దానిమీద పన్ను కూడా అమర్చింది. రెండోది ఊగింది, చీము పట్టింది. తీసేయాల్సి వచ్చింది.

తన్నిన గుర్రాన్ని అమ్మేశారా అనీ అడిగావు. అమ్మా, ఆ గుర్రం పాపం ఎరుగదు. నన్ను కొట్టింది నీ అల్లుడు కుబాత్.

మేక కళేబరం కోసం గుర్రాలమీద పెనుగులాడే పందెంలో ఆ రోజు ఓడి వచ్చాడు. స్నేహితులకు టీ పోస్తూ నేను నవ్వానట. కొరడా పిడి తిప్పి నోటిమీద కొట్టాడు. పడిపోతే బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఒక్కరూ లేవలేదు. గుర్రం తన్నిందని చెప్పమన్నది అత్తయ్యే.

ఎముక పట్టేదాకా అక్కడ దెబ్బ తగలకూడదని డాక్టరు చెప్పింది. పులుసు చల్లారిందని అతను మళ్ళీ అక్కడే పిడికిలితో గుద్దాడు.

ఊడిన మర తీస్తూ డాక్టరు, "గుర్రం ఒకేచోట రెండుసార్లు తన్నదు పిల్లా. గుంట ముందు ఎముక చిట్లిపోయింది" అన్నది. నాతో వచ్చిన అత్తయ్య తల దించుకుంది.

ఇంటికి రాగానే కుబాత్ నా జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. "ఊళ్ళో నా పరువు తీసొచ్చారా?"

అత్తయ్య పొయ్యిలోంచి ఇనపకడ్డీ లాగి అతని మణికట్టుమీద ఒక్కటి వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

"నన్నే కొడతావా, అమ్మా?"

"మీ నాన్న నా పళ్ళు రాలగొడితే నోరు మూసుకున్నానురా. అది చూసే నువ్వు నేర్చుకున్నావు. రెండో చెయ్యి ఉందిగా, లేపి చూడు."

పోలీసుల దగ్గర కూడా ముందు మాట్లాడింది ఆవిడే. కుబాత్ లోపల ఉన్నాడు. అతని పెదనాన్న కొడుకులు వచ్చి కిటికీలు పగలగొట్టి, కన్నకొడుకును పట్టించిన కుక్క అని ఆవిడను తిట్టి పోతున్నారు.

చలికాలం నీ దగ్గర ఉండమన్నావు. వస్తున్నాం, ఇద్దరమూ. "ఏ మొహంతో మీ అమ్మ గడప తొక్కను? ఆ తలుపు పక్కన కూర్చుంటాలే" అంటోంది అత్తయ్య. కూర్చోనివ్వకు. ఎగువన, పెద్దల చోట కూర్చోబెట్టి మొదటి గిన్నె ఆవిడకే ఇవ్వు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
సిర్గా