రెండు వందల పద్నాలుగో వరుస

ఉదయగిరి,
4 నవంబరు 2024.

నా తల్లీ కరుణశ్రీ,

పెండ్లికి నీ బాప్తిస్మ సర్టిఫికెట్ రాసి పంపమని ఆత్మకూరు నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశావు. "కాగితమ్ముక్క రాసేదానికి ఇన్నాళ్లా అవ్వా? సురేశ్‌బాబు నీకు నచ్చలేదా ఏంది?" అని నిన్న అడిగావు. అబ్బాయికేం, మంచివాడు. తప్పంతా నా వైపుంది.

ఫోన్లో నోరు రాక రాస్తున్నాను. మూడు రోజులుగా గుడి బీరువా తెరవడం, రిజిస్టరు తీయడం, మళ్లీ పెట్టేయడం. కాలు ఒకచోట నిలవడం లేదు. ముప్పయ్యెనిమిదేళ్లుగా మన మెథడిస్టు సంఘం రిజిస్టర్లు రాస్తున్నాను. ఒక్క కొట్టివేత లేదని వచ్చినవాళ్లందరికీ చూపించి గొప్పలు చెప్పుకున్నదాన్ని.

నువ్వు పుట్టిన రోజుల్లో పాస్టరు అయ్యగారు నెలకొకసారే ఆత్మకూరు నుంచి వచ్చేవారు. ఆరాధన అయీ అవకముందే తిరుగు బస్సుకు తొందర. అందుకని బాప్తిస్మం ఇవ్వవలసిన బిడ్డల పేర్లు శనివారమే రాసి ఉంచేదాన్ని; ఆయన సంతకం పెట్టి వెళ్లేవారు. 1999 అక్టోబరులో నీ ఒక్కదాని పేరే ఉంటే, తేదీతో సహా అలాగే రాశాను, 214వ వరుసలో. ఆ ఆదివారం వాగు పొంగి బస్సు మర్రిపాడు దగ్గరే ఆగిపోయింది. అయ్యగారు రాలేదు. తెల్లగౌనులో నువ్వు మీ అమ్మ ఒళ్లో నిద్రపోయావు.

మరుసటి నెల ఆయన వచ్చి, చదవకుండానే ఆ పేజీలో సంతకాలు పెట్టేశారు. మీ అమ్మ ప్రమీలారాణి నిన్నెత్తుకుని పక్కనే నిలబడి ఉంది. "అత్తా, బిడ్డ తలమీద నీళ్లే పడలేదే. అయ్యగారికి చెప్పరాదా?" అంది. "రిజిస్టర్లో ఎక్కినాది గదా, అయినట్టే. గమ్మునుండు" అన్నాను. ఆ రోజు ఇప్పిస్తే అక్టోబరు తేదీ కొట్టేయాలి, పేజీ పాడవుతుందని. అంతకుమించి కారణం లేదు. చనిపోయేదాకా ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె భూస్థాపన వివరం రాసిన రోజు కూడా బాప్తిస్మాల పేజీ తిప్పి చూడలేదు.

ఆ వరుస చూసి సర్టిఫికెట్ రాస్తే రెండోసారి అబద్ధమవుతుంది. ఈ పొద్దున 214ను ఎర్రసిరాతో కొట్టేశాను. "బాప్తిస్మం జరగలేదు. తప్పు నాది" అని పక్కన రాసి సంతకం చేసి, ఇప్పటి అయ్యగారికి చూపించాను. పెండ్లిలోపే నీకు బాప్తిస్మం ఇస్తామన్నారు. నువ్వేమంటావో తెలియదు.

మీ అవ్వ,
రెబెకమ్మ

ఆత్మకూరు,
8 నవంబరు 2024.

అవ్వా,

నీ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, డ్యూటీ మొదలయ్యేలోపు రెండుసార్లు చదివాను.

నేను పదో తరగతిలో ఉండగానే అమ్మ నాకు ఇదంతా చెప్పింది. "మీ అవ్వ తనంతట చెప్పిందాకా నువ్వు అడగబాకు. ఆ రిజిస్టరంటే ఆమెకు ప్రాణం" అంది. అందుకే నాలుగుసార్లు సర్టిఫికెట్ మాత్రమే అడిగాను. నువ్వు రాసి పంపి ఉంటే పెండ్లి జరిగిపోయేది. కానీ నీ గడప మళ్లీ తొక్కేదాన్ని కాదు.

పదిహేడో తేదీ ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. అమ్మ దాచిన తెల్లగౌను నా దగ్గరే ఉంది, చేతిలో పట్టుకుని నిలబడతాను. ఒక్క మాట అవ్వా. శనివారం ఆ రిజిస్టరు తెరవబాకు. నా తల తడిసినాకే రాయి.

నీ మనవరాలు,
కరుణశ్రీ