సగం గడ్డం వ్యూహం

మామగారికి నమస్కారాలు.

మీ అమ్మాయి, పాప బాగున్నారు. నేనే నిద్ర లేక అల్లాడుతున్నాను. నెలాఖరున పక్క దేశంతో ఫుట్‌బాల్ పోటీ. ఓడిపోతే దేశపు జట్టుకి కోచ్‌గా నా ఉద్యోగం ఊడుతుందని ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు ముఖం మీదే చెప్పాడు. అప్పుడు క్వార్టర్స్ ఖాళీ చేసి మీ సెలూన్ మేడ మీది గదికి రావడమే.

మా బలం మధ్యలో ఉంది. చిన్న చిన్న పాసులతో బంతిని మా దగ్గరే ఉంచుకోగలం. బలహీనత ఎడమవైపు. అక్కడి బ్యాక్ బంతి కనిపిస్తే ముందుకి పరుగెడతాడు, వెనక్కి రావడం మర్చిపోతాడు. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి.

మీ అల్లుడు

తా.క.: సెలూన్లో రద్దీ ఎలా ఉంది? లారీ డ్రైవర్ వస్తున్నాడా?

*

అల్లుడు గారికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. వచ్చిన ఉత్తరాన్ని అందరి ముందూ పైకి చదవడం మా సెలూన్లో మా నాన్నగారి నాటి పద్ధతి. కిందటిసారి అలా చదివినందుకే మీ గోల్‌కీపర్ పంటినొప్పి సంగతి అవతలి వాళ్ళకి తెలిసిపోయి, మీరు నాతో మాట్లాడడం మానేశారు. మళ్ళీ ఆ తప్పు చేస్తానా? ఆట గురించి నోరు విప్పనని మనవరాలి మీద ఒట్టు వేసుకున్నాను.

డ్రైవర్ రోజూ వచ్చి గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. వాళ్ళ బావమరిది అవతలి జట్టులో ఆటగాళ్ళకి ఒళ్ళు పడతాడు కదా, అందుకే ఆ ఆరాటం. నేను పెదవి కదపలేదు.

మీ మామ

తా.క.: అయినా మేడ మీది గదికి సున్నం వేయిస్తున్నాను. ముందు జాగ్రత్త.

*

మామగారికి నమస్కారాలు.

కొంప ముంచారు. మీరు పైకి చదువుతారనే ఆ ఉత్తరం రాశాను. డ్రైవర్ వింటాడు, సరిహద్దు దాటి బావమరిదికి చెబుతాడు, వాళ్ళంతా మా ఎడమవైపు ఎగబడతారు, అదీ నా లెక్క. నేను రాసింది పచ్చి అబద్ధం. ఎడమవైపు ఉన్నది 'గోడ'. వాణ్ణి దాటి పిల్లి కూడా పోలేదు. వెనక్కి రావడం మర్చిపోయేవాడు కుడివైపు 'గాలిపటం'.

ఎడమవైపు ఖాళీ అని ఎలాగైనా డ్రైవర్ చెవిన వేయండి.

మీ అల్లుడు

తా.క.: ఈ ఉత్తరం చదవకండి. అంటే మీరు చదవండి, పైకి చదవకండి.

*

అల్లుడు గారికి ఆశీస్సులు.

ముందే చెప్పొద్దూ? ఇప్పుడు నోరు విప్పితే మనవరాలి మీద ఒట్టు ఏం కావాలి? రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు డ్రైవర్ వారం గడ్డంతో వచ్చి కూర్చోగానే దారి దొరికింది.

కుర్చీలో చూసింది బయట ఎవరికీ చెప్పనని ముందు అతని చేత ఒట్టు వేయించాను. ఒట్టు వేయిస్తేనే కదా రహస్యమని నమ్ముతాడు, రహస్యమైతేనే కదా ఊరంతా చెబుతాడు. తరవాత ఎడమ చెంప నున్నగా గీశాను. ఎడమ ఖాళీ అని అర్థం. కుడి చెంప ముట్టుకోకుండా తువ్వాలు దులిపేశాను. ముందు సబ్బు అయిపోయిందేమో అనుకున్నాడు. అద్దంలో ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఏదో తట్టినట్టు లేచి పరుగెత్తాడు. ఇక నిశ్చింతగా ఉండండి.

మీ మామ

తా.క.: గది తలుపుకి నీలం రంగు బాగుంటుందా, ఆకుపచ్చా?

*

మామగారికి నమస్కారాలు.

రేడియోలో విన్నారు కాబట్టి స్కోరు చెప్పను, నేను పడ్డ నరకం చెబుతాను. మీ మాట నమ్మి ఇద్దరు మిడ్‌ఫీల్డర్లని కూడా గోడ పక్కనే నిలబెట్టాను. ఆట మొదలైందో లేదో, వాళ్ళంతా కుడివైపే వచ్చిపడ్డారు. గాలిపటం ఎప్పటిలాగే ఎటో ఎగిరిపోయి ఉన్నాడు. గోల్ పడింది. ఇంకొకటి స్తంభానికి తగిలి బయటికి పోయింది. వెనక వరసలో అధ్యక్షుడు గొంతు సవరించుకోవడం నాకు వినబడుతూనే ఉంది. మీ మేడ మీది గది కళ్ళ ముందు కనబడింది, నీలం తలుపుతో సహా.

విరామంలో లోపలికి వెళ్తుంటే వాళ్ళ బెంచీ మీద డ్రైవర్ కనిపించాడు. ఎడమ చెంప నున్నగా, కుడి చెంప మాసిన గడ్డంతో. అప్పుడు గానీ సంగతి తట్టలేదు. మామగారూ, మీరు గీసిన చెంప ఖాళీ అనుకున్నారు. వాళ్ళు గీయకుండా వదిలేసిన చెంపే పట్టించుకునే దిక్కులేనిది అనుకున్నారు.

వెంటనే గోడని కుడివైపుకి, గాలిపటాన్ని ఎడమవైపుకి మార్చేశాను. వాళ్ళ మనుషులందరూ కుడివైపు గోడకి తల కొట్టుకుంటుంటే, ఎడమవైపు ఆపేవాడే లేడు. గాలిపటం ముందుకి వెళ్ళాడు, వెనక్కి రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు. రెండు గోల్స్. ఉద్యోగం నిలబడింది. మీ అమ్మాయి ఇంకా ఏడుస్తూనే ఉంది, సంతోషంతోనే.

మీ అల్లుడు

తా.క.: ఆ డ్రైవర్‌కి మిగతా సగం నా ఖర్చు మీద గీయండి.

*

అల్లుడు గారికి ఆశీస్సులు.

మీరు పొరబడ్డారు. ఆటనాడు డ్రైవర్ నా కుర్చీలోనే కూర్చుని నాతో పాటు రేడియో విన్నాడు. మిగతా సగం నేను ఎప్పుడో గీసేశాను. మీరు చూసింది వాళ్ళ బావమరిదిని.

మీ ఉత్తరం చూసి డ్రైవర్‌ని నిలదీశాను. ఒట్టు తప్పావా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బావమరిదికి ఒక్క మాట కూడా చెప్పలేదట. ఎవరికీ చెప్పనని అతని చేత కూడా ఒట్టు వేయించుకుని, సబ్బు రాసి, సగం గడ్డం గీసి పంపించాడట. అతనూ ఒట్టు తప్పలేదు, వాళ్ళ కోచ్ ముందుకి వెళ్ళి ముఖం చూపించాడంతే. ఇంతమంది మాట మీద నిలబడితే నాకు భలే ముచ్చటేసింది.

ఓడినందుకు పాపం ఆ బావమరిది ఉద్యోగం ఊడిందట, పెళ్ళాం పిల్లలతో వచ్చేశాడు. గది ఎలాగూ సిద్ధంగా ఉంది కదా, వాళ్ళకి ఇచ్చేశాను. కాబట్టి ఇక మీదట మీరు ఓడడానికి వీల్లేదు.

మీ మామ

తా.క.: తరవాతి ఆటలో లోపం మధ్యలో ఉందని మాత్రం రాయకండి. మీసం నడిమధ్య గీయించుకోవడానికి ఇక్కడ ఒక్కడూ ఒప్పుకోవడం లేదు.