ఇరవై రెండు మిల్లీమీటర్లు

ఫిబ్రవరి 3

నాన్నకి ప్లానింగ్ స్కాన్ అయింది. లివర్‌లో గడ్డ. ఊపిరితో పాటు గడ్డ కూడా పైకీ కిందికీ జరుగుతుందట. ఎంత జరుగుతుందో కొలిచి, రేడియేషన్ ఎక్కడ పడాలో గీస్తారట. మామూలుగా ఊపిరి తీసుకో పెద్దాయనా అన్నాడు టెక్నీషియన్. నేను ముందే నాన్న చెవిలో చెప్పాను: రాయిలా పడుకో, పొట్ట కదలనివ్వకు, కదిలితే అంతా పాడవుతుంది. స్కానింగ్ మీద నేను చదివిన కరపత్రంలో కదలొద్దనే ఉంది. నాన్న నా మాట విన్నాడు. జీవితంలో మొదటిసారి.

ఫిబ్రవరి 12, ఉదయం 11

మొదటి డోసు ఇవ్వలేదు. నాన్నని మెషీన్ కింద పడుకోబెట్టి, చూసి, ఆపేశారు. స్కాన్‌లో గడ్డ ఆరు మిల్లీమీటర్లు జరిగిందట, ఇవాళ ఇరవై రెండట. పాత ప్లాన్‌తో కాలిస్తే గడ్డ తప్పించుకుని పక్కనున్న పేగు కాలుతుందట. మళ్లీ స్కాన్, మళ్లీ ప్లాన్, ఇంకో వారం.

గడ్డ వారం ఆగుతుందా? జేబులోంచి రోగి హక్కుల కరపత్రం తీసి, పన్నెండింటిలో ఏడోది, ఆలస్యం లేకుండా వైద్యం పొందే హక్కు, చదివి వినిపించాను. తమ్ముడూ, పదమూడోది కూడా ఉంది, కుర్చీలో కూచునే హక్కు అన్నాడు టెక్నీషియన్.

కొట్టాను. ముక్కు మీద. లోపల ఏదో విరగడం నా వేళ్లకి తెలిసింది. రక్తం కీబోర్డు మీద పడింది. రెండోది కూడా కొట్టాను. న్యాయం కోసమే కొడుతున్నాననిపించింది, ఒట్టు.

అప్పుడు వెనక ఆ ఊపిరి వినిపించింది. నా చిన్నప్పుడు నాన్న వెల్డింగ్ షాపు నుంచి వచ్చి, నా మీద చెయ్యెత్తే ముందు ముక్కుతో ఊపిరి గట్టిగా లాగి ఒక్క క్షణం పట్టేవాడు. ఆ క్షణంలోనే నేను మంచం కిందికి దూరేవాణ్ణి. ఇవాళ మంచం లేదు. ఆస్పత్రి గౌను ముడులూడి వేలాడుతుండగా వచ్చి చెంప పగలగొట్టాడు. వెధవా, నువ్వు చెప్పావనే కదరా ఆ రోజు ఊపిరి బిగబట్టుకు చచ్చాను అన్నాడు. అందరి ముందూ.

అదే రోజు, సాయంత్రం 5

ఆ ఆరు మిల్లీమీటర్లకి కారణం నేనే.

ఫిబ్రవరి 13

టెక్నీషియన్ ముక్కుకి కట్టు. క్షమాపణ కాగితం మీద రాసి ఇచ్చాను. ఇదీ కరపత్రమేనా అన్నాడు. పోలీసుల సంగతి మీ నాన్న ట్రీట్‌మెంట్ అయ్యాక చూద్దాం, ముందు ఒక పని చేసిపెట్టు అన్నాడు. ఈసారి నాన్న నిండా పీల్చి పట్టి ఉంచాలి. పట్టినంతసేపూ గడ్డ ఒకేచోట ఉంటుంది, అప్పుడే మెషీన్ కాలుస్తుంది. ఇవాళ వీళ్లు చెప్పి చూస్తే దడుచుకుని మధ్యలో వదిలేశాడట. మైకులో నువ్వే చెప్పు, ఆయనకి నీ మాటంటే ఎంత గురో చూశాంగా అన్నాడు.

ఫిబ్రవరి 15

ఇంట్లో ప్రాక్టీసు. పన్నెండు సెకన్లకే వదిలేశాడు. మళ్లీ అన్నాను. చావనివ్వరా అన్నాడు. మళ్లీ అన్నాను. నేను సెకన్లు లెక్కపెడుతున్న వాచీ లాక్కుని గోడకేసి కొట్టాడు. నా పిడికిలీ బిగిసింది, ఊపిరి కూడా. నాన్న నా ముక్కు వైపే చూస్తున్నాడు. నేనూ నాన్నలాగే ముక్కుతో లాగి పడతానని అప్పటిదాకా నాకు తెలీదు.

పిడికిలి విప్పి, గోడ గడియారం కింద కూచున్నాను. మళ్లీ అన్నాను.

ఫిబ్రవరి 20

మొదటి డోసు. బయటి గదిలోంచి మైకులో పీల్చు అన్నాను. ముక్కుతో గట్టిగా లాగడం స్పీకర్లో వినిపించింది. పట్టు అన్నాను. పట్టాడు. తెర మీద ఊపిరి గీత ఇరవై సెకన్లు కదల్లేదు.

నా చెంప దానంతటదే పక్కకి తిరిగింది.