బుల్లయ్య వండిన అన్నం

దీన్ని చదువుతున్నవాడా, పక్కవాడి మిరపచేను కోసేవాళ్లు లేక ఎండుతుంటే, నా ఆస్తిలో నీకేం వస్తుందో చూసుకోవడానికి వచ్చావా? వచ్చావు గనుక కూర్చో. చివరిదాకా చదువు.

ప్రత్తిపాడు కాపురస్థుడు, కీర్తిశేషులు బాపయ్య కుమారుడు, చాట్ల సంజీవరావు అనే నేను, డెబ్బై దాటినవాణ్ణి, ఏ బైబిలు కళాశాల గడపా తొక్కకుండానే సంఘానికి వాక్యం చెప్పినవాణ్ణి, తుంటి విరిగి మంచం మీదున్నా బుద్ధి తిన్నగా ఉన్నవాణ్ణి. ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తోనే ఈ వీలునామా రాస్తున్నాను. దీన్ని జరిపించే బాధ్యత మా తమ్ముడి కూతురు రెబెకాది, ఆటో నడిపే అన్వర్‌ది.

1. నా మైకు, రెండు బాక్సులు రెబెకా తమ్ముడు ఏసుబాబుకు. క్రిస్మసు కూటంలో నేను నరకాగ్ని గురించి చెబుతుండగా "పెదనాన్నా, ఇక్కడ బిర్యానీ చల్లారిపోతోంది" అని వైరు పీకినవాడు వీడే. ఆ కోపం నాకింకా ఉంది. అయినా సామాను వాడికే.

2. నా స్వార్జితమైన రెండు సెంట్ల స్థలం, అందులోని రేకుల గది, శనివారాలు సాయానికి వెళ్లే మన సంఘం గుంపుకు. తల్లి లేని పిల్లలు చేలగట్ల మీద ఎండలో మాడకుండా, తండ్రి పని ముగించుకుని వచ్చేదాకా ఇక్కడ ఆడుకోవాలి. దీన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు.

3. నా భార్య సలోమి కోతకు వెళ్లేటప్పుడు నడుముకు కట్టుకున్న గుడ్డసంచి రెబెకాకు. దాన్ని నేను ఉతకలేదు. కారం ఘాటు ఇంకా పోలేదు. సాయంత్రాలు దగ్గర పెట్టుకుంటే తుమ్ములొస్తాయి. తుమ్మితే చిరంజీవ అనే మనిషి ఇంట్లో లేదు.

4. ఇది బుల్లయ్య సంగతి. ఎకరం కౌలుకు చేసుకుంటున్న రైతు. మిరపనారు నాటే రోజుల్లో భార్య పోయింది. చిన్నపిల్లలిద్దరు. మన దగ్గర చిన్న రైతుల కోత బదులు మీద నడుస్తుంది: మీ ఆడవాళ్లు మా చేలోకి, మా ఆడవాళ్లు మీ చేలోకి. ఆడమనిషి లేని ఇంటికి బదులెక్కడిది? ఒక్కరూ రాలేదు. అందుకే మన గుంపును పంపాను.

పోయిన శనివారం అతను చీకటితో లేచి అందరికీ అన్నం, పప్పు, గోంగూర వండాడు. మీరేమో గట్టు మీద మీ క్యారియర్లు విప్పారు. "పిల్లలకు వండుకోవడమే ఎక్కువ, మన కూడు కూడా అతని నెత్తినెందుకు పెదనాన్నా" అంది రెబెకా, ఇంటికొచ్చాక నాతో. అది దయే. కానీ అక్కడ చేలో అతనికి అలా అనిపించలేదు. "ఏమ్మా, మగాడు వండిన కూడు గొంతు దిగదా? అయితే నా చేలోంచి నడవండి" అన్నాడట.

బుల్లయ్య వాళ్ల నాన్న నా దోసిట్లో ఎత్తునుంచి నీళ్లు పోసిన మనిషి. ఆ నీళ్లు మోచేతుల మీదుగా కారడం నేను మరిచిపోలేదు, క్షమించానని అబద్ధమూ చెప్పను. ఆ ఇంటి కొడుకు మనకు విస్తళ్లు వేసి ఎదురుచూశాడు. మీరు కన్నెత్తి చూడలేదు.

ఇంకొంచెం వెయ్యమని అడిగే నోరు లేని ఇంట్లో వండుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడే పెద్దగా వినిపిస్తుంది.

పండిన కాయ చెట్టునే ఎండి రాలుతోంది. పొద్దుటినుంచి మబ్బు కమ్ముతోంది. పంట పోతే పిల్లల్ని సింగరాయకొండలో అమ్మమ్మ దగ్గర వదిలి, తాను ఒంగోలు వైపు రాళ్ల పనికి పోతానంటున్నాడు. ఆ పిల్లలకు తల్లి పోయింది చాలదా, తండ్రి కూడా దూరం కావాలా?

లూకా పదో అధ్యాయం తీయండి. ప్రభువు తనవాళ్లను ఊళ్లకు పంపుతూ సంచి పట్టుకెళ్లొద్దన్నాడు, పెట్టింది తినమన్నాడు. ఎందుకనుకున్నారు? సాయం పొందేవాడి చెయ్యి కూడా ఒక పూట పైన ఉండాలని.

5. మిగతా షరతులు నేను పోయాక అమలవుతాయి. నాలుగోది, అంటే బుల్లయ్య పెట్టింది తినడం, నేను ఊపిరితో ఉండగానే జరగాలి. జరగకపోతే నా సమాధి దగ్గర ఎవరూ పాట ఎత్తొద్దు.

తేదీ: ఫిబ్రవరి 15, 2025, శనివారం
సంతకం: చాట్ల సంజీవరావు
సాక్షులు: అల్లాబక్షు, కోటిరత్నం

సాక్షులారా, వారసులారా, నా మంచం చుట్టూ నిలబడొద్దు. క్యారియర్లు ఇక్కడే వదిలేసి ఇప్పుడే బుల్లయ్య చేనికి నడవండి. వాన పడకముందే కాయ కోయండి. మధ్యాహ్నం అతని ఎదుట కూర్చుని, ఆకలేస్తోంది, అన్నం పెట్టమని ఈ రోజే అడగండి.